చేపలకి కూడా సెలవుంది, మాకే లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్నామధ్య మీ ఆదివారం అనుబంధంలో ఉద్యోగాల్లో ఒత్తిడి గురించి రెండు పేజీలు వేశారు. పొద్దున్నే లేవండి, ప్రాణాయామం చెయ్యండి, నీళ్ళు బాగా తాగండి, పడుకునే ముందు ఫోను చూడకండి అని. బొమ్మలు బాగున్నాయి. నచ్చి, ఆ పేజీ ఫొటో తీసి మా టీము గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాల్లో మా కుర్రాడొకడు జవాబిచ్చాడు: "మేడమ్, ఫోను చూడొద్దని చెప్పే పేజీని రాత్రి పది ముప్పావుకి ఫోన్లో పంపారు." టైము చూసుకున్నాను, నిజమే. అడ్డంగా దొరికిపోయాను.

ఆ సిగ్గులోంచే ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైపోతుందని ముందే చెబుతున్నా. మీ ఉత్తరాల శీర్షికలో నాలుగు ముక్కలకే చోటుంటుందని, రోజంతా ఇతరుల వాక్యాలు కత్తిరించే నాకు తెలియక కాదు.

నేను విశాఖపట్నం మధురవాడలో ఒక చిన్న డిజిటల్ ఏజెన్సీలో కంటెంట్ లీడ్‌ని. నాతో కలిపి ఏడుగురం. ఆస్పత్రులు, నగల షాపులు, రియల్ ఎస్టేట్ వాళ్ళు, కోచింగ్ సెంటర్లు, రెండు మూడు యాప్‌లు మా కస్టమర్లు. వాళ్ళ వెబ్‌సైట్లలో వ్యాసాలు, సోషల్ మీడియా పోస్టులు, వీడియోలకి స్క్రిప్టులు, యాప్‌లో కనిపించే ఒకటీ అరా తెలుగు మాటలు అన్నీ మేమే రాస్తాం. ఫోన్లో "మీ ఆర్డర్ బయల్దేరింది" అన్న లైను మీరు చదివితే, అది మాలాంటి వాళ్ళెవరో కూర్చుని, "పంపబడినది" అని ఉన్నదాన్ని కొట్టేసి రాసిందే అయ్యుంటుంది. చూడ్డానికి ఏసీ గదిలో సుఖమైన పని. మా అత్తగారైతే ఇప్పటికీ "కూర్చుని టైపు కొట్టడమే కదా" అంటారు. ఆవిడ తప్పు లేదు, బయట్నుంచి చూస్తే అంతే కనిపిస్తుంది.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. మా టీములో మనుషులు నలిగిపోయింది వాళ్ళు ప్రాణాయామం చెయ్యకపోవడం వల్ల కాదండీ. పైనుంచి ఏది వచ్చినా నేను "చేసేద్దాం సార్" అనడం వల్ల. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఒక మంచి ఎడిటర్ని పోగొట్టుకున్నాను.

ఆ సంగతి చెబుతాను. వినాయక చవితి ముందురోజు రాత్రి. ఒక ఆస్పత్రికి పండగ పోస్టు. మేం మొదట రాసిన లైను "అనారోగ్యం దూరమైతేనే మా భాగ్యం". అది వాళ్ళకి నచ్చలేదు, పండగ పూట అనారోగ్యం అనే మాటెందుకన్నారు, న్యాయమే. మార్చాం. రంగు మార్చమన్నారు, మార్చాం. వినాయకుడు చిన్నగా ఉన్నాడన్నారు, పెంచాం. ఏడోసారి పదకొండు దాటాక ఫోను, "ఒక్క చిన్న మార్పు మేడమ్, ఆ లైను పాజిటివ్‌గా చేసేయండి". సరే, "మీ ఆరోగ్యమే మా భాగ్యం" అని పెట్టమన్నాను. డిజైనరు మొదట రాసిన లైను మీదే చెరిపి కొట్టాడు. ముందున్న "అనా" మారి "ఆ" కాలేదు. పదకొండు నలభైకి బయటికి వెళ్ళిన పోస్టు ఇదీ: "మీ అనారోగ్యమే మా భాగ్యం."

ముగ్గురం చూశాం. ముగ్గురమూ ఓకే అన్నాం. నలభై నిమిషాలు అలాగే ఉంది. కింద ఎవరో "హమ్మయ్య, ఇన్నాళ్ళకి నిజం ఒప్పుకున్నారు" అని కామెంటు పెడితే గానీ మాకు తెలియలేదు. ఇప్పుడు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది. ఆ రాత్రి మాత్రం చేతులు వణికాయి.

అయితే నన్ను భయపెట్టింది ఆ తప్పు కాదు. ఆఖర్న చూసి ఓకే చెప్పింది మా సీనియర్ ఎడిటర్. శ్రీకాకుళం అమ్మాయి, "ళ"కి "ల" పడితే రెండు గదుల అవతల్నుంచి కనిపెడుతుంది. ఒత్తు జారితే ఆ పూట అన్నం సహించదు ఆ పిల్లకి. అలాంటిది ఫోను చేసి సంగతి చెబితే "అవునా మేడమ్" అంది. అంతే. ఏడవలేదు, కంగారు పడలేదు, సారీ కూడా చెప్పలేదు. "తీసేస్తాను" అని పెట్టేసింది. లెక్కేస్తే అప్పటికి పద్నాలుగు రోజులుగా ఆమె ఒక్క పూట సెలవు తీసుకోలేదు. మూడు వారాల తర్వాత ఉద్యోగం మానేస్తూ నాకో మెసేజి పెట్టింది: "మీ మీద కోపం లేదు మేడమ్. తెలుగు చూస్తేనే విసుగొస్తోంది."

ఆ "అవునా మేడమ్" ఏమిటో నాకు తర్వాత చదువుకుంటే తెలిసింది. దాని పేరు బర్నవుట్, తీరని పని ఒత్తిడితో మనిషి పూర్తిగా వడిలిపోవడం. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసే వాలంటీర్లని చూసి హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు 1974లో ఈ బర్నవుట్ గురించి మొదట రాశాడట. తర్వాత క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు 1981లో దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ జాబితాలో దీన్ని వివరంగా పెట్టింది. జబ్బుగా పెట్టలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగా పెట్టింది, మీ అనుబంధం రాసినవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాల్సింది. వాళ్ళు చెప్పిన లక్షణాలు మూడు: ఒంట్లో సత్తువ లేకపోవడం, చేసే పని మీద మనసు విరిగి దూరం జరగడం, ఎంత చేసినా సరిగ్గా చెయ్యలేకపోతున్నామన్న భావన. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండోదాన్ని మనం "పొగరు", "పట్టింపు లేదు", "ఈ కాలం పిల్లలంతే" అని కొట్టిపారేస్తాం. నేనూ ఆ అమ్మాయి గురించి ఆ రాత్రి మనసులో అలాగే అనుకున్నాను.

దీనికి తెలుగులో సరైన మాట లేదు, నేను చాలా వెతికాను. అలసట అంటే సరిపోదు, అలసట పడుకుంటే పోతుంది. విసిగి వేసారిపోవడం అన్నది కొంత దగ్గర. మా పిల్లలు "మైండ్ పని చెయ్యట్లేదు" అంటారు, అందులో సగం నిజం ఉంది. ప్రస్తుతానికి బర్నవుట్ అనే అందాం.

మా నాన్న స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. బ్లాస్ట్ ఫర్నేసు, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలిమి, ఆ డిపార్టుమెంటు. అక్కడ ఫర్నేసులకి పేర్లుంటాయి, గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని. మా నాన్న గోదావరి మీద ఎక్కువ కాలం చేశారు, ఇంట్లో ఎవరో చుట్టాలావిడ గురించి మాట్లాడినట్టే మాట్లాడేవారు. ఉక్కునగరం క్వార్టర్సులో మా చిన్నతనమంతా ఎ, బి, సి షిఫ్టుల లెక్కమీదే నడిచింది. పొద్దున్న ఆరింటికి ఎ, మధ్యాహ్నం రెండింటికి బి, రాత్రి పదింటికి సి. నాన్న సి షిఫ్టు దిగి వచ్చిన రోజు అమ్మ కిటికీకి దుప్పటి కట్టి మమ్మల్ని వీధిలోకి తరిమేది, కుక్కరు కూడా పెట్టేది కాదు. ఈ మధ్య నా గొడవంతా ఆయనకి చెప్పుకున్నాను. మా పని ఇరవై నాలుగ్గంటల పని నాన్నా, ఇంటర్నెట్ పడుకోదు, అన్నాను కాస్త గొప్పగానే. ఆయన టీ తాగుతూ, "ఫర్నేసూ పడుకోదమ్మా. అందుకే మనిషి ఎప్పుడు పడుకోవాలో కాయితం మీద రాసిపెట్టారు" అన్నారు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగారు: "మీ దాంట్లో రిలీవరెవరు?"

నా దగ్గర జవాబు లేదు. ప్లాంటులో రిలీవర్, అంటే తర్వాతి షిఫ్టు అందుకునే మనిషి, రాకుండా ఎవరూ మెషిను వదలకూడదు, వచ్చాక ఉండకూడదు. దిగేముందు లాగ్ బుక్కులో ఏం జరిగింది, ఏం మిగిలింది రాసి సంతకం పెట్టాలి. రిలీవర్ రాకపోతే ఆగి డబుల్ డ్యూటీ చేస్తారు, కానీ దానికో లెక్క ఉంటుంది, ఓవర్‌టైము డబ్బు ఉంటుంది. మా దగ్గర ఏడుగురం రోజూ మూడు షిఫ్టులూ చేస్తున్నాం, లెక్క లేదు, లాగ్ బుక్కు లేదు, ఎప్పుడు దిగాలో ఎవరికీ తెలియదు.

మీ పత్రికనే చూడండి. రాత్రి ఎడిషన్ క్లోజింగ్ టైము దాటితే ముఖ్యమంత్రి ఫోను చేసినా ఆ పేజీలో అక్షరం మారదు, మిషనెక్కేసింది కాబట్టి. పండగ రోజు మొదటి పేజీలో చిన్న డబ్బాకట్టి వేస్తారు, "మా కార్యాలయానికి సెలవు, రేపు పత్రిక వెలువడదు" అని. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, ఆ డబ్బా చూసి మీ మీద కోప్పడిన పాఠకుణ్ణి నేనెరగను. మహా అయితే మా తాతలాగా పాత పేపరు తీసి మళ్ళీ చదువుకుంటారు. మేం మాత్రం పండగ నాడే ఎక్కువ పనిచేస్తాం. మీ వెబ్‌సైటు వాళ్ళు కూడా చేస్తూనే ఉంటారనుకుంటాను, వాళ్ళని ఓసారి అడిగి చూడండి.

సరే, అప్పట్నుంచి ఏం చేశామంటే, మొదట ఒక నెల రోజులు ఏమీ మార్చకుండా ఊరికే రాసుకున్నాం. ఎవరు ఏం అడిగారు, ఎప్పుడు అడిగారు, ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు తిరిగొచ్చింది. నోటుబుక్కులో, చేత్తో. "అర్జెంట్" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టమన్నాను. నెలాఖరుకి చూస్తే నలభై దాటాయి. వాటిలో నిజంగా ఆ తేదీ దాటితే పనికిరాకుండా పోయేవి ఆరు. మిగతావన్నీ ఎవరో ఒకరు ముందే అడగడం మర్చిపోయినవి, లేదంటే వాళ్ళ పైవాళ్ళు అడుగుతారేమోనని ముందు జాగ్రత్తగా మా నెత్తిన వేసినవి. రెండు పోస్టులైతే, అర్ధరాత్రి దాకా కూర్చుని పంపినవి, వాళ్ళు పదిరోజుల తర్వాత గానీ తెరిచి చూడలేదు.

ఇంకో సంగతి తేలింది. ఈ పనుల్లో సగం పంచాంగంలో ఉన్నవే! వినాయక చవితి ఎప్పుడొస్తుందో ఉగాదికే తెలుసు. దసరా తెలుసు, దీపావళి తెలుసు, సంక్రాంతి సంగతి చెప్పక్కర్లేదు. అయినా ప్రతి పండగా మాకు తుపానులా ముందురోజే వచ్చి పడేది. అన్నిటికన్నా ఘోరం అక్షయ తృతీయ. నగల షాపులకి అది ఏడాదంతటికీ పెద్ద రోజు. మన ఊళ్ళో అదే రోజు సింహాచలం చందనోత్సవం, స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్క రోజే. మా టీములో సగం మంది ఆ పూట సెలవడుగుతారు. ఏటా "ఈ ఒక్కసారికీ సర్దుకోండమ్మా" అనేదాన్ని. ఇప్పుడు ఉగాది రోజునే పంచాంగం, గోడ క్యాలెండరు ముందేసుకుని కూర్చుంటాం. పండగ పోస్టు ఏదైనా నెల ముందు మొదలు, పది రోజుల ముందు పూర్తి, ఆ తర్వాత రంగు మార్చాలన్నా వచ్చే ఏడాదికే. కిందటి అక్షయ తృతీయకి మావాళ్ళు ముగ్గురు కొండకి వెళ్ళారు, పోస్టులన్నీ వాటంతటవే పడ్డాయి, నాకు కూడా ప్రసాదం తెచ్చారు.

పని ఎంత ఒప్పుకోవాలన్న దగ్గర మా సార్‌తో పెద్ద గొడవే అయింది. ఏడుగురి టైములో నూటికి ఎనభై వంతులే ముందుగా నింపుతాను, మిగతా ఇరవై ఖాళీగా ఉంచుతాను అన్నాను. "ఖాళీగా ఉంచడానికి జీతాలిస్తున్నానా?" అన్నారాయన. డబ్బు పెట్టిన మనిషి, ఆయనకి అలా అనిపించడంలో తప్పులేదు. అప్పుడు ఒక లెక్క చూపించాను. 1909లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కాల్స్ ఎంతసేపు ఆగాలో కట్టిన ఎర్లాంగ్ అనే ఆయన దగ్గర్నుంచి వస్తున్న లెక్క ఇది. ఒకే కౌంటరుంది, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తారు, ఒకరికి త్వరగా అవుతుంది, ఒకరికి ఆలస్యమవుతుంది అనుకోండి. కౌంటరులో మనిషి ఎనభై శాతం తీరిక లేకుండా ఉంటే అక్కడ సగటున నలుగురుంటారు. తొంభై శాతమైతే తొమ్మిదిమంది. తొంభై అయిదైతే పంతొమ్మిదిమంది. పని పెరిగింది ఎనభై నుంచి తొంభై అయిదుకే, లైను మాత్రం దాదాపు అయిదింతలైంది. మా సార్ ఇంజినీరింగ్ చదివారు, కాసేపు కాయితం మీద గీసుకుని "సరే, ఆర్నెల్లు చూద్దాం" అన్నారు. ప్రాణాయామం గురించి చెప్పుంటే ఒప్పుకునేవారు కాదు.

ఆ ఇరవై వంతులూ ఖాళీగా ఏమీ ఉండవండీ. జ్వరాలకి, కరెంటు పోవడానికి, నిజంగా వచ్చిపడే ఆ ఆరు అర్జెంట్లకి సరిపోతాయి. ఏమీ రాని వారం, చాలా అరుదు, అప్పుడు మా వాళ్ళు పాత వ్యాసాలు తిరగేస్తారు.

పని లోపలికి వచ్చే దారి ఒక్కటే పెట్టాం. ఒక షీటు. అందులో రాయని పని మాకు లేనట్టే, మా డిజైనరు వాట్సాప్‌కి నేరుగా వచ్చినదైనా సరే. కొత్త పని వస్తే నేను ఒక్కటే అడుగుతాను, "దీనికోసం దేన్ని వెనక్కి జరపమంటారు?" అని. మొదట్లో ఈ మాట నోట్లోంచి రావడమే కష్టమైంది. మన దగ్గర కాదనడం మర్యాద కాదు కదా, చిన్నప్పట్నుంచీ అదే నేర్పారు. కానీ ఇందులో కాదనడం లేదు, ఏది కావాలో వాళ్ళనే చెప్పమనడం. చాలామంది రెండు నిమిషాలాలోచించి "పర్లేదు మేడమ్, వచ్చేవారం చూద్దాం" అంటారు. మార్పులు రెండుసార్లే, అవి కూడా అటువైపు ఒకే మనిషి చెప్పాలి. అన్ని డిపార్టుమెంట్లూ తలా ఒక మాట అంటే వాటిని గుదిగుచ్చి వాక్యం చెయ్యడం వ్యాసుడి వల్ల కూడా కాదు.

ఇక మా నాన్న అడిగిన రిలీవర్. సాయంత్రం ఏడు దాటాక వారానికి ఒకరే డ్యూటీ, మిగతా ఆరుగురి ఫోన్లు మోగకూడదు. డ్యూటీ మనిషి కూడా మూడు సందర్భాల్లోనే లేవాలి: ఆరోగ్యం, డబ్బు విషయంలో తప్పు సమాచారం వెళ్ళిపోతే, ఒకరి పోస్టు ఇంకొకరి పేజీలో పడితే, చట్టపరంగా చిక్కు వస్తే. అక్షరదోషమా? పొద్దున్న చూద్దాం. (మా అనారోగ్యం పోస్టు మొదటిదాని కిందికి వస్తుందా, అక్షరదోషం కిందికా అని మావాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు.) వారం అయ్యాక ఆ మనిషికి ఒకరోజు సెలవు, అడక్కుండానే. సోమవారం పొద్దున్న లాగ్ బుక్కులో నాలుగు లైన్లు రాసి అప్పగించాలి. లాగ్ బుక్కు అనే పిలుస్తాం, నాన్నకి చూపిస్తే సంతకం కాలమ్ ఏదని అడిగారు. పెట్టాం.

టైటిల్లో రాసిన చేపల సంగతి. మా టీములో జలారిపేట కుర్రాడున్నాడు, రాత్రి పది ముప్పావుకి నన్ను పట్టించింది వాడే. వాళ్ళ నాన్నది బోటు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం కదా, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బరుకి వెళ్తే వరసగా కట్టేసిన బోట్లు, రంగులేసే వాళ్ళు, ఇంజన్లు విప్పి పెట్టుకున్నవాళ్ళు, నీడన కూర్చుని వలలు బాగుచేసుకునే వాళ్ళు కనిపిస్తారు. ఒకరోజు మీటింగులో వాడు తలెత్తకుండానే, "సేపలకి కూడా మెటర్నిటీ లీవుంది మేడమ్. మనకేటి?" అన్నాడు. గదంతా ఘొల్లుమంది. నేను నవ్వి ఊరుకోబోయి, ఊరుకోలేకపోయాను.

ఇప్పుడు మూడు నెలలకోసారి నాలుగు రోజులు మాకు "వేట నిషేధం". కొత్తగా ఏదీ రాయం, ముందే రాసిపెట్టినవి వెళ్తుంటాయి. ఆ నాలుగు రోజులూ వలలు బాగుచేసుకోవడమే. పాతబడిన వ్యాసాల్లో ధరలు, తేదీలు, ఫోన్ నంబర్లు సరిచేస్తాం, పనిచెయ్యని లింకులు తీసేస్తాం, ఎప్పట్నుంచో తెగని తగువులు తేల్చుకుంటాం. విశాఖపట్నమా విశాఖపట్టణమా, ఆస్పత్రా ఆసుపత్రా, ఇలాంటివి. ఆస్పత్రి మీద ఒక పూట పట్టింది, ఆఖరికి ఓట్లేసుకున్నాం. విచిత్రం ఏమిటంటే, ఇలా బాగుచేసిన పాత వ్యాసాల్లో కొన్నిటిని జనం కొత్తవాటికన్నా ఎక్కువ చదువుతున్నారు. వారానికి ఇన్ని రాయాల్సిందేనని లెక్కపెట్టుకున్న రోజుల్లో ఆ పాతవాటి మొహం చూసిన వాళ్ళే లేరు.

ఈ మధ్య కొత్త బాధ ఏఐ. "అదే రాసేస్తుంది కదా, మీరు ఊరికే చూసి పంపడమే, మూడింతలు చెయ్యొచ్చు" అని అందరూ అంటున్నారు. మేమూ వాడుతున్నాం, నిజం చెప్పాలి, ఇంగ్లీషు డ్రాఫ్టులకి, హెడ్డింగులకి పనికొస్తోంది. కానీ "ఊరికే చూడటం" అన్న మాట దగ్గరే నాకు మండుతుంది. సొంతంగా రాసేటప్పుడు నాలుగు వాక్యాలు రాసి కిటికీలోంచి చూస్తాం, ఆ కాసేపూ బుర్రకి విశ్రాంతి. మెషిను రాసింది దిద్దేటప్పుడు ప్రతి వాక్యాన్నీ అనుమానించాలి. నున్నగా ఉంటుంది, ఎక్కడ తప్పుందో కనపడదు, "మీ ఆరోగ్య ప్రయాణాన్ని నేడే ప్రారంభించండి" లాంటి వాక్యాలు రోజుకి యాభై చదివాక, ఇంటికెళ్ళి మన పిల్లతో కూడా అలాగే మాట్లాడతామేమోనని భయమేస్తుంది. అందుకని దిద్దుబాటుని వేరే పనిగా లెక్కకడుతున్నాం, ఒక మనిషి రోజుకి మూడు గంటలకి మించి చెయ్యకూడదని పెట్టుకున్నాం. ఈ మూడు గంటలు ఎక్కడిదంటే మా సొంత అనుభవమే. నాలుగో గంటలో తప్పులు దాటిపోవడం చూశాం.

అంతా చక్కబడిందని చెబితే అబద్ధం అవుతుంది. ఒక పెద్ద కస్టమరు "మీకు స్పీడు తగ్గింది" అని వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఇంక్రిమెంట్లు అనుకున్నంత రాలేదు, అందుకు ఒకరు మానేశారు కూడా, తనకి ఇంటి లోను ఉంది, నేనేమీ అనలేకపోయాను. నా అలవాట్లు సగమే మారాయి. రాత్రిపూట ఏదైనా తడితే మెసేజి రాసి, పొద్దున్న తొమ్మిదిన్నరకి వెళ్ళేలా పెట్టడం నేర్చుకున్నాను. మొన్న మీ పేజీకి మాత్రం మర్చిపోయాను. "తీరిగ్గా చూడు" అని పెట్టేదాన్ని ఒకప్పుడు, లీడు పంపిన మెసేజిని తీరిగ్గా చూసే మనిషి ఎక్కడుంటాడండీ? పోయిన కార్తీకంలో వారం రోజులు సెలవు పెట్టి లాప్‌టాప్ ఆఫీసులోనే వదిలేసి వెళ్ళాను. మూడో రోజు దాకా చెయ్యి దానంతటదే ఫోను వెతుక్కుంది. నేను లేకుండా ఆ వారం బాగానే నడిచింది, అది కాస్త అవమానంగా కూడా అనిపించింది, ఎవరికీ చెప్పకండి.

ఇవన్నీ మేమంటే చిన్న టీము కాబట్టి చేసుకున్నాం, మా సార్ విన్నారు కాబట్టి కుదిరింది. రుషికొండ కొండ మీదా, సిరిపురంలోనూ లైట్లు వెలుగుతున్న మిగతా ఆఫీసుల సంగతేమిటి? వారానికి 70 గంటలు, 90 గంటలు పని చెయ్యాలని కంపెనీల పెద్దలు అన్నప్పుడల్లా మీరు మొదటి పేజీలో వేశారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చెప్పింది కూడా అంత పెద్దగానూ వెయ్యాల్సింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచెయ్యడం వల్ల ఒక్క 2016లోనే గుండెజబ్బు, పక్షవాతంతో సుమారు 7 లక్షల 45 వేలమంది చనిపోయారని వాళ్ళ అంచనా. ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి పనివేళ దాటాక ఆఫీసు ఫోనుకి స్పందించకపోయే హక్కుని చట్టంలో పెట్టుకున్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025లో చట్టం సవరించి రోజుకి 10 గంటల దాకా చేయించుకోవచ్చన్నారు. వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంది. ఆ 48 మా లాంటి ఆఫీసుల్లో ఎవరైనా లెక్కపెడుతున్నారా? రాత్రి వాట్సాప్ చూసిన అరగంట అందులోకి వస్తుందా? ఈసారి ఒత్తిడి మీద పేజీ వేసినప్పుడు యోగా టీచరుతో పాటు ఒక కార్మిక శాఖ అధికారినీ, ఇద్దరు ముగ్గురు మేనేజర్లనీ కూర్చోబెట్టి ఇవి అడగండి. నన్ను పిలిచినా వస్తాను, ఏడు లోపయితే.

అనుబంధంలో మీరు వెయ్యనిది ఇంకొకటి: టెలి మానస్, 14416. కేంద్రం 2022 అక్టోబరులో పెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. వాల్తేరు మానసిక వైద్యశాల పేరు చెప్పి జోకులేసుకోవడం మన ఊరివాళ్ళకి చిన్నప్పట్నుంచీ అలవాటే, అందుకే సాయం కావలసినవాళ్ళు కూడా ఆ వైపు చూడరు. ఉత్తరం కత్తిరించాల్సి వస్తే ఎక్కడైనా కత్తిరించండి గానీ ఆ నంబరు ఉంచండి.

మా శ్రీకాకుళం అమ్మాయి ఇప్పుడు అక్కడే ఒక బళ్ళో పిల్లలకి తెలుగు చెబుతోంది. మొన్న సంక్రాంతికి ఫోను చేసింది. మా పోస్టులో ఒక చోట "ళ"కి "ల" పడిందట, చెప్పడానికి.

ఇది అర్జెంటేమీ కాదండీ. ఎప్పుడు చోటుంటే అప్పుడు వేయండి. నా పేరు మాత్రం వద్దు.

– ఒక కంటెంట్ లీడ్,
మధురవాడ, విశాఖపట్నం